సూదితో పండించిన కూరగాయలు

పసిపిల్లలు నలుగు రొకచోట చేరినచో అచ్చట నొక సంసారము వెలయును. ఒకరు తల్లి, ఒకరు తండ్రి, ఒకరు అంగడివాడు, ఒకరు చుట్టము. ఇసుక అన్నమగును, చింతాకు కూరయగును, చిల్లపెంకు పళ్లెమగును. ఈ యాటకు మన పెద్దలు గుజ్జనగూళ్లని పేరు పెట్టిరి. పెద్దలు చేయు పనులను పిల్లలు తమకు తోచినంతలో అనుకరించి నేర్చుకొను తొలి పాఠశాల యిదియే. అందు గురువు లేడు, బెత్తము లేదు. కాని చదువు కలదు.

ఈ యాటకు వలసిన వస్తువులను చేయుట మన తెలుగునాట చిరకాలముగ నొక విద్యగా సాగుచున్నది. వరాహనదీతీరమునందలి ఏటికొప్పాకలో పనివారు అంకుడు కొయ్యను తరిణెపట్టి, తిరుగుచున్న కొయ్యపై రంగులక్కను అద్ది లక్కపిడతలు చేయుదురు. కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యతో బొమ్మలు చెక్కుదురు. తెలంగాణమునందలి నిర్మలలో పండ్లను, కూరగాయలను కొయ్యతో చేసి, చూచువారు నిజమైనవేమో యని భ్రమపడునట్లు రంగులు వేయుదురు. ఇవియన్నియు కొయ్యపనులు. వీనికి ఉలియు, తరిణెయు, ఏండ్ల యభ్యాసమును వలయును. అట్లుగాక, ఎనిమిదవ తరగతి చదువు విద్యార్థి సూదిదారములతో తన తమ్మునికో చెల్లెలికో చేసి యీయదగిన కూరగాయలు కొన్ని కలవు. అవి ఫెల్టుతో కుట్టునవి.

ఫెల్టు గుడ్డయే కాని నేసిన గుడ్డ కాదు. మనము కట్టు నూలుబట్టలో పడుగు, పేక యని రెండు వరుసల దారములు ఒకదానినొకటి దాటుచుండును. మన గొఱ్ఱెలకాపరులు కప్పుకొను గొంగడియు ఉన్నిదారముతో నేసినదే. ఉన్నిఫెల్టునందు దారమే యుండదు. గొఱ్ఱెవెండ్రుకను సూక్ష్మదర్శినితో చూచినచో దానిపై చేపపొలుసులవంటి సన్నని పొలుసులు కానవచ్చును. ఉన్నిని పొరలుగా పరచి, వేడినీటితోను సబ్బుతోను తడిపి, ఒత్తుచు రుద్దుచు నుండిన యెడల ఆ వెండ్రుకలు ఒకదానిలోనొకటి చొచ్చుకొనిపోవును. పొలుసులన్నియు ఒకవైపునకే వాలియుండుటచేత ముందునకు జరిగిన వెండ్రుక మరల వెనుకకు సులభముగ రాజాలదు. ఇట్లు చిక్కుపడి బిగిసిన ఉన్నియే ఫెల్టు. ఉన్నిచొక్కాను వేడినీటిలో నలిపి ఉదికినచో అది కుంచించుకొని దళసరియగుటకు కారణమిదియే.

పడుగుపేకలు లేనందున ఫెల్టును ఏ వంకకు కత్తిరించినను అంచున పోగులూడవు. అంచును మడిచి కుట్టనక్కఱలేదు. అందువలన కొత్తగా సూది పట్టినవారికిని ఇది లొంగును. నేడు అంగళ్లలో రంగురంగుల రేకులుగా అమ్ము ఫెల్టులో చాలవఱకు ఉన్ని కాదు. అది పాలియెస్టరు వంటి కృత్రిమపు పీచును, గాట్లుగల సూదులతో పలుమారు పొడిచి చిక్కుపఱచి చేసినది. దానిపై కాగిన ఇస్త్రీపెట్టెను పెట్టినచో కరగిపోవును గనుక జాగ్రత్త వలయును.

మానవుడు ఫెల్టును చేయనేర్చుట నేటి మాట కాదు. మంగోలియాలోని సంచారజాతులవారు తమ గుడారములకు నేటికిని ఫెల్టునే కప్పుదురు. కాశ్మీరమున నమ్దా యను ఫెల్టు తివాచీలు ప్రసిద్ధములు. సైబీరియా దక్షిణభాగమున ఆల్టాయి పర్వతములలో పజిరిక్ అను చోట గడ్డకట్టిన నేలలో ప్రాచీన సమాధులు కలవు. 1947 మొదలు 1949 వఱకు సెర్గీ రుడెంకో అను రష్యా పురావస్తు శాస్త్రజ్ఞుడు వానిని త్రవ్వించినపుడు, ఒక సమాధిలో ఫెల్టుతో కుట్టి లోపల కూరిన హంసబొమ్మలు దొరకెను. అవి రెండువేల యేండ్లకు మించిన ప్రాచీనత గలవి. నేల గడ్డకట్టియుండుటచేత చెడక నిలిచినవి. ఇప్పుడవి సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున హెర్మిటేజ్ మ్యూజియమునందున్నవి. కత్తిరించిన ఫెల్టును కుట్టి, లోపల మెత్తని పదార్థము కూరి ప్రాణివలె నిలుపు విద్యను ఆనాటి చేతులే యెఱుగును.

ఈ విద్యతో తన బ్రదుకును నిలుపుకొని, వందలకొలది కుటుంబములకు జీవనము చూపిన యొక స్త్రీని గూర్చి యిచ్చట చెప్పవలెను. ఆమె పేరు మార్గరెటె స్టైఫ్. జర్మనీదేశపు దక్షిణభాగమున గీంగెన్ అను చిన్నపట్టణమున 1847 జూలై 24వ తేదీన ఆమె జన్మించెను. ఏడాదిన్నర వయసున తీవ్రమైన జ్వరము వచ్చి, ఆమె కాళ్లు రెండును చచ్చుపడెను, కుడిచేయి బలహీనమయ్యెను. అది పోలియో వ్యాధి. తలిదండ్రులు చేయించిన చికిత్సలేవియు ఫలింపలేదు. బడికి పోవుటకు ఆమెకు కాళ్లు లేవు. కాని తోడబుట్టినవారును, ఇరుగుపొరుగు పిల్లలును ఆమెను చిన్న బండిలో కూర్చుండబెట్టి లాగుకొనిపోవుచుండిరి.

బడి ముగిసినపిమ్మట ఆమె కుట్టుపని నేర్పు పాఠశాలలో చేరెను. కుడిచేయి స్వాధీనముకాని పిల్లకు సూదిపని యేల యని ఎవరైనను సందేహింతురు. ఆమె విడువలేదు. కుట్టుమిషను కొనిన తరువాత దాని చక్రము కుడివైపుననుండుట ఆమెకు చిక్కయ్యెను. ఆమె మిషనును వెనుకకు త్రిప్పి పెట్టుకొని ఎడమచేతితో చక్రము త్రిప్పి కుట్టెను. వస్తువు తనకు అనుకూలింపనిచో దానిని తనకు అనుకూలముగ త్రిప్పుకొనుట యనిన నిదియే.

గీంగెన్‌లో ఫెల్టు చేయు కర్మాగారముండెను. 1877లో మార్గరెటె ఆ ఫెల్టుతో స్త్రీలకును పిల్లలకును ఉడుపులు కుట్టి యమ్ము చిన్న అంగడి పెట్టెను. 1879 డిసెంబరులో ఒక ఫ్యాషను పత్రికలో చిన్న యేనుగు నమూనా అచ్చుపడెను. ఆమె 1880లో దానిని ఫెల్టుతో కుట్టి, లోపల కూరి, సూదులు గ్రుచ్చుకొను మెత్తగా వాడుకొనుడని బంధుమిత్రుల కిచ్చెను. కాని ఆ యేనుగులు కుట్టుపెట్టెలలో నిలువలేదు. పిల్లలు వానిని ఎత్తుకొనిపోయి ఆడుకొనిరి. ఆ కాలమున బొమ్మల తలలు పింగాణితోను మైనముతోను చేయుచుండిరి. అవి జారిపడిన పగులును. గుండెలకు హత్తుకొని నిదురింపదగిన మెత్తని బొమ్మను చూచి పిల్లలు సంతసించుటలో వింతలేదు. ఆఱేండ్లలో అట్టి యేనుగులు 5,000కు పైగా అమ్ముడుపోయెను. తరువాత గాడిదలు, గుఱ్ఱములు, ఒంటెలు వెలువడెను.

1893లో ఆమె సంస్థ ఫెల్టుబొమ్మల కర్మాగారముగా నమోదయ్యెను. 1897లో ఆమె సోదరుని కుమారుడు రిఖార్డ్ స్టైఫ్ అందు చేరి, 1902లో కాళ్లుచేతులు కదలు ఎలుగుబంటిని రూపొందించెను. 1903లో లైప్సిగ్ నగరపు సంతలో అమెరికా వర్తకుడొకడు అట్టివి 3,000 కావలెనని కోరెను. ఆనాటి అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు ముద్దుపేరును బట్టి ఎలుగుబొమ్మకు టెడ్డీ యను పేరు వచ్చినది. 1907లో ఆ కర్మాగారమున 9,74,000 ఎలుగుబొమ్మలు తయారయ్యెను. అనుకరణములు హెచ్చగా, తమ బొమ్మను జనులు గుర్తించుటకై 1904 నుండి దాని చెవికి లోహపు గుండీ పెట్టుచుండిరి. ఇంటిలో కూర్చుండి కుట్టు స్త్రీలకును ఈ పని వలన జీవనము దొరకెను. పిల్లల చేతికిచ్చు వస్తువు మిక్కిలి మేలైనదిగ నుండితీరవలెనని మార్గరెటె పట్టు. 1909 మే 9వ తేదీన ఆమె మరణించెను. నడువలేని చేతిపనిగత్తె కుట్టిన బొమ్మలు సముద్రములు దాటిపోయెను.

ఏనుగుబొమ్మ సూదులమెత్తగా పుట్టినట్లే, పాశ్చాత్యదేశముల కుట్టుపెట్టెలలో టమాటాబొమ్మయు సూదులమెత్తగానే ప్రసిద్ధికెక్కెను. ఎఱ్ఱగుడ్డతో కుట్టిన టమాటాలో ఱంపపుపొట్టు కూరుదురు. దానికి వ్రేలాడు చిన్న స్ట్రాబెరి పండులో కురువిందపు పొడి నింపుదురు. సూదిని ఆ పొడిలో గ్రుచ్చి తీసినచో త్రుప్పు వదలి మొన పదునెక్కును. ఈ విధముగా గుడ్డ కూరగాయకు పెద్దల కుట్టుపెట్టెలోను చోటు కలిగెను.

ఇక మనము కుట్టు తెఱగును చూతము. వలయు వస్తువులు స్వల్పములు: రంగు ఫెల్టు రేకులు, మంచి కత్తెర, సూది, ఎంబ్రాయిడరీ దారము, స్కేలు, వృత్తలేఖిని, లోపల కూరుటకు దూది. ఎంబ్రాయిడరీ దారమున ఆఱు పోగులుండును. వానిలో రెంటిని విడదీసి వాడిన చాలును. బూరుగుదూది మెత్తనిదే కాని ఉదికినపుడు ఉండకట్టును. ఉదుకవలసిన బొమ్మలకు దిండ్లలో నింపు పాలియెస్టరు పీచు మేలు. కాని వీనియన్నిటికంటె ముందుగా కావలసినది నిజమైన కూరగాయ. దానిని చేతబట్టుకొని చూడక సూది యెత్తరాదు.

బెండకాయను అడ్డముగ కోసి చూడుడు. అందు సాధారణముగ ఐదు గదులును, పైన ఐదు కోణములును కానవచ్చును. కావున బెండకాయకు పొడవైన ఐదు ముక్కలు కత్తిరించి జోడించవలెను. బీరకాయను నిమిరి చూచినచో పది గట్లు లెక్కకు వచ్చును. పది ముక్కలను కుట్టి, కుట్లను లోనికి త్రిప్పక పైననే యుంచినచో ఆ కుట్లే గట్లగును. బఠాణీకాయను విప్పి చూచినచో గింజలన్నియు ఒకే అంచును పట్టుకొని, ఒకటి కుడిరెప్పకు, మఱియొకటి ఎడమరెప్పకు అంటియుండును. నిత్యము తినుచున్నను ఈ సంగతులు మనలో ఎందఱు గమనించిరి? కుట్టదలచినవాడు గమనింపక తప్పదు. వృక్షశాస్త్రమున ఒక పుట చదివినంత ఫలము ఇచ్చట చేతికి దక్కును.

గణితమునకును ఇచ్చట పని కలదు. క్యారటు శంకువు ఆకారము గలది. చదునైన రేకునుండి శంకువును పొందుట యెట్లు? 15 సెంటీమీటర్ల వ్యాసార్ధముతో నారింజరంగు ఫెల్టుపై వృత్తము గీసి, అందు 60 డిగ్రీల కోణముగల ముక్కను కత్తిరింపవలెను. అది వృత్తమున ఆఱవవంతు. దాని వంపు అంచు పొడవు సుమారు 15.7 సెంటీమీటర్లు. రెండు తిన్నని అంచులను కలిపి కుట్టినచో ఆ వంపు అంచే శంకువు మూతియగును. దాని వ్యాసము 5 సెంటీమీటర్లు. కుట్టునకు పోవు భాగముకొఱకు తిన్నని అంచుల ప్రక్క కొంచెము ఎక్కువ విడువవలెను. లోపల దూది కూరి, మూతిచుట్టును దారము పోనిచ్చి సంచిమూతివలె బిగించి, ఆకుపచ్చని ఫెల్టు పీలికలను నడుమ నిలిపి గట్టిగ కుట్టినచో క్యారటు సిద్ధమగును.

టమాటా గోళమువంటిది. భూగోళపు నమూనాపై పటము నంటించువారు కాగితమును కదురువంటి ముక్కలుగా కత్తిరింతురు. ఆ యుపాయమే మనకును పనికివచ్చును. 6 సెంటీమీటర్ల వ్యాసము గల టమాటాకు ఆఱు ముక్కలు వలయును. ఒక్కొక్కటి నడుమ సుమారు 3.1 సెంటీమీటర్ల వెడల్పును, కొననుండి కొనకు సుమారు 9.4 సెంటీమీటర్ల పొడవును గలిగి, రెండు కొనలు వాడిగ నుండవలెను. చుట్టును కుట్టునకై 3 మిల్లీమీటర్లు అదనముగ విడువవలెను. ముక్కలను కలిపి కుట్టి, దూది నిండుగ కూరినపిమ్మట, గట్టిదారమును పైనుండి క్రిందికి పోనిచ్చి మరల పైకి లాగి బిగింపవలెను. అపుడు తలభాగము లోనికి క్రుంగి నిజమైన టమాటా పోలిక కలుగును. ఐదు కొనల పచ్చని తొడిమనక్షత్రమును ఆ గుంటపై కుట్టవలెను.

అంచులు కలుపుటకు కాజాకుట్టు తగినది. గుండీరంధ్రమునకు దర్జీ వేయునట్లే, ప్రతికుట్టునకును దారమును అంచుపై ముడివలె చిక్కించుచు పోవలెను. కుట్టునకు కుట్టు మూడు మిల్లీమీటర్ల దూరముండిన చాలును. దూదిని ఒక్కసారిగ త్రోయక చిన్నచిన్న తునుకలుగా కొనలనుండి కూరుచు రావలెను. లేనిచో బొమ్మ గడ్డలుగట్టి అందము చెడును. వంకాయకు ఊదారంగు ఫెల్టు, పచ్చని ముచ్చిక చాలును. క్రిందిభాగమున నాలుగు ముక్కలను కలుపక విడిచి, లోపల ఎఱ్ఱగుడ్డ వేసినచో అది గుత్తివంకాయయగును. పిల్లలు అందు పొడి కూరినట్లు నటించి సంతసింతురు. ఫెల్టు దొరకనిచో పాత నూలుబట్టయైనను పనికివచ్చును. కాని దానిని తిరగవైపున కుట్టి, చిన్న సందు విడిచి, లోపలిది వెలికి త్రిప్పి, దూది కూరి ఆ సందును మూయవలెను.

ఇచ్చట నొక ముఖ్యమైన హెచ్చరిక. పసిపిల్ల చేతికి వచ్చిన ప్రతి వస్తువును నోటిలో పెట్టుకొనును. మూడేండ్ల లోపు పిల్లల బొమ్మలకు గుండీలు, పూసలు, ఊడిపోవు చిన్న ముక్కలు పనికిరావు. అవి గొంతులో అడ్డుపడిన ప్రాణాపాయము. అట్టి పిల్లలకు చేయు బఠాణీకాయలో గింజలను విడిగా పెట్టక కాయతో కలిపి గట్టిగ కుట్టవలెను. పొడవైన త్రాళ్లు వ్రేలాడనీయరాదు. కుట్టుట ముగిసినపిమ్మట సూదులను లెక్కించి పెట్టెలో పెట్టవలెను. బొమ్మను బలముగ లాగి చూడవలెను. మన చేతిలో ఊడనిది పిల్ల చేతిలోను ఊడదు. మనదేశమున బొమ్మల భద్రతకై ప్రభుత్వము చేసిన నాణ్యతానియంత్రణపు ఉత్తరువు 2021 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. చట్టము అంగడిని చూచును. ఇంటిలో చేసిన బొమ్మకు చేసినవాని జాగ్రత్తయే చట్టము.

ఈ కూరగాయలతో పిల్లలు ఏమి నేర్తురు? తక్కెడ పెట్టి అంగడి యాడినచో ఇచ్చిపుచ్చుకొనుటయు, లెక్కయు నేర్తురు. రంగులు వేఱుచేయుదురు, నేలలో పండునవి ఏవి, పాదున కాయునవి ఏవి యని ఏర్పఱుతురు. చూపులేని పిల్లలు బీరకాయ గట్లను, బెండకాయ కోణములను వ్రేళ్లతో చదువగలరు. జర్మనీదేశపు విద్యావేత్త ఫ్రోబెల్ 1837లో పసిపిల్లలకొఱకు పాఠశాల స్థాపించినపుడు వారి చేతికిచ్చిన మొదటి కానుక ఆఱురంగుల ఉన్నిబంతులే. మనదేశమున 1937లో వార్ధాలో జరిగిన విద్యామహాసభలో గాంధీమహాత్ముడు చేతిపనిని ఆధారముగ గొనిన విద్యను ప్రతిపాదించెను. చేతులు పనిచేయునపుడు బుద్ధి మేలుకొనునని ఉభయుల తలంపు.

కుట్టుపని ఆడపిల్లలదే యని తలచు మగపిల్లలు కొందఱు కలరు. మన బట్టలు కుట్టు దర్జీని, వల బాగుచేసికొను జాలరిని, గాయమునకు కుట్లు వేయు శస్త్రవైద్యుని వారు చూచినచో ఆ తలంపు మాను. సూదికి స్త్రీపురుష భేదము లేదు. ఓర్పుగలవాని చేతిలో అది నడచును, ఓర్పులేనివాని వ్రేలిలో దిగును.

అంగడిలో బొమ్మ కొనుట సులభము. కాని మనము కుట్టి యిచ్చిన బొమ్మలో మనము గడపిన సాయంకాలములు కూడ కలిసియుండును. చిన్నపిల్లకు వాని వెల తెలియదు, తెలియనక్కఱలేదు. ఆమె ఆ క్యారటును ఉడికించినట్లు నటించి, మన దోసిటిలో పెట్టి, తినుమని నిలిచి చూచును. అప్పుడు మనము తిన్నట్లు నటించి, రుచిగ నున్నదని చెప్పవలెను. శ్రమకు అంతకంటె మేలైన కూలి లేదు.

ప్రశ్నలు

1. ఫెల్టు నేసిన గుడ్డ కాదని యెట్లు చెప్పవచ్చును? ఉన్ని ఫెల్టుగా మారుటకు కారణమేమి?
2. మార్గరెటె స్టైఫ్ కుట్టుమిషనును ఎట్లు వాడెను? దానివలన ఆమె స్వభావమేమి తెలియును?
3. క్యారటును, టమాటాను కుట్టుటలో గణితము ఎట్లు తోడ్పడును?
4. మూడేండ్ల లోపు పిల్లలకు బొమ్మ చేయునపుడు పాటింపవలసిన జాగ్రత్తలెవ్వి?
5. మీ యింటనున్న ఒక కూరగాయను పరిశీలించి, దానిని గుడ్డతో కుట్టుటకు ఎన్ని ముక్కలు, ఏ యాకారమున కావలెనో వ్రాయుడు.